మీ వాణ్ణి ఇంకో రెండేళ్ళు ఆటలో అరటిపండుగా ఉండనివ్వండి

ప్రశ్న: మేడమ్ గారూ, మేం హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బాబుకి ఐదేళ్ళు నిండి రెండు నెలలు, యూకేజీ. పాపకి రెండేళ్ళు. ఇంట్లో ఉంటే ఫోన్ పట్టుకుంటున్నాడని రెండు నెలల క్రితం దగ్గర్లో ఉన్న ఒక బ్యాడ్మింటన్ అకాడమీలో చేర్పించాం. వారానికి మూడు రోజులు, సాయంత్రం గంట. మొదటి వారం బాగానే వెళ్ళాడు. ఇప్పుడు బూట్లు బయటికి తియ్యగానే కడుపునొప్పి అంటాడు, ఏడుస్తాడు. కోచ్ గారు 'వీడికి స్టామినా లేదు, కాన్సన్‌ట్రేషన్ లేదు' అన్నారు. ఇంట్లో మాత్రం సోఫా మీంచి దూకుతూనే ఉంటాడు. కింద పార్కింగ్‌లో ఆడే పెద్ద పిల్లలు వీణ్ణి చేర్చుకోరు. చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే ఏ ఆటా రాదు, సింధు అలాగే పైకొచ్చింది అని మా వారు అంటారు. తణుకు దగ్గర పల్లెలో ఉండే మా మామగారేమో 'మాకెవరు నేర్పారు' అంటారు. మూడు నెలల ఫీజు కట్టేశాం. బలవంతంగానైనా పంపాలా, మాన్పించాలా? మాన్పిస్తే ప్రతిదీ మధ్యలో వదిలేసే అలవాటు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేస్తాను. మాన్పించండి. మిగతా ఉత్తరమంతా ఎందుకు మాన్పించమంటున్నానో, ఆ తర్వాత సాయంత్రాలు ఏం చెయ్యాలో చెప్పడానికి రాస్తున్నాను, ఎందుకంటే అకాడమీ మాన్పించి ఫోన్ చేతికిస్తే మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తారు.

నేను ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పి.ఇ.టి.గా పనిచేశాను, పిల్లలు డ్రిల్ టీచర్ అనేవాళ్ళు. మా హైస్కూల్ పక్కనే ప్రాథమిక పాఠశాల ఉండేది, గంట కొట్టగానే ఒకటీ రెండూ తరగతుల పిల్లలు మా గ్రౌండ్‌లోకి వచ్చి పడేవాళ్ళు. పెద్ద పిల్లలకి వాలీబాల్, ఖోఖో నేర్పడం ట్రైనింగ్‌లో చెప్పారు గానీ, ఐదారేళ్ళ పిల్లలు ఎలా కదులుతారో మాత్రం నేను ఆ గుంపుని చూసే నేర్చుకున్నాను. ఒక్కడూ సరళరేఖలో పరిగెత్తడు. పది అడుగులు శక్తికొద్దీ ఉరుకుతాడు, ఆగుతాడు, కింద ఏదో రాయి చూస్తాడు, మళ్ళీ ఉరుకుతాడు. ఆ వయసు ఒళ్ళు అలాగే పనిచేస్తుంది, కొద్ది సెకన్లు గట్టిగా, కాసేపు మెల్లగా, అలా రోజంతా. గంటసేపు ఒకే పని చేసే స్టామినా వాడికి లేదని కోచ్ గారు అన్నది నిజమే, ఏ ఐదేళ్ళ పిల్లాడికీ ఉండదు. రోజంతా సోఫా మీంచి దూకేవాడికి ఇంకేం స్టామినా కావాలి?

మాన్పించే ముందు ఒక్క పని చెయ్యండి. ఒక సాయంత్రం ఫోన్ చూడకుండా అకాడమీలో గంటసేపు కూర్చుని, మీ వాడు షటిల్‌ని ఎన్నిసార్లు తాకాడో, ఎంతసేపు లైన్‌లో నిలబడ్డాడో రాసుకోండి. మా మనవరాలిని ఇలాగే ఒక చోట చేర్పించినప్పుడు నేను లెక్కపెట్టాను. నలభై ఐదు నిమిషాల్లో పిల్లకి షటిల్ వచ్చింది పంతొమ్మిదిసార్లు, అందులో బ్యాట్‌కి తగిలింది ఆరు. మిగతా టైమంతా ముందున్న పిల్లాడి వీపు చూస్తూ నిలబడింది, మధ్యలో కదిలితే 'లైన్, లైన్' అని అరుపు. ఆ కోచ్ చెడ్డవాడేం కాదు, ఒక్క మనిషికి ఇరవై మంది పిల్లల్ని అప్పజెప్పారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ మా పిల్ల ఆ రోజు నేర్చుకున్నది బ్యాడ్మింటన్ కాదు, నిలబడటం. 'నాకు రాదు' అనుకోవడం కూడా నేర్చుకుంది, నాకు బాధేసింది అందుకే.

ఇంకో లెక్క చూడండి. బ్యాడ్మింటన్ నెట్ మధ్యలో ఐదడుగుల ఎత్తు ఉంటుంది. మీ వాడు మహా అయితే మూడున్నర అడుగులు ఉంటాడు. పెద్దవాళ్ళ బ్యాట్ పొడవు దాదాపు 67 సెంటీమీటర్లు, అంటే వాడి ఎత్తులో సగానికి మించి. మనకన్నా ఎత్తైన గోడ అవతలికి, మన నడుం దాటేంత కర్ర పట్టుకుని, గాల్లోంచి దూసుకొచ్చే చిన్న వస్తువుని కొట్టమంటే మనం మాత్రం ఎన్ని రోజులు వెళ్తాం? దానికితోడు ఆ వయసులో కళ్ళు, చేతులు ఇంకా జత కుదరవు. తన వైపు వచ్చే వస్తువు ఎంత వేగంగా వస్తోందో అంచనా వెయ్యడం చాలామంది ఐదేళ్ళ పిల్లలకి కష్టం. షటిల్ వచ్చి పడిపోయాక బ్యాట్ ఊపుతారు, చూసేవాళ్ళకి అది శ్రద్ధ లేకపోవడంలా కనిపిస్తుంది. మంచి కోచ్‌లు చిన్న పిల్లలకి పొట్టి బ్యాట్‌లు ఇస్తారు, నెట్ కిందికి దించుతారు, ముందు బెలూన్‌తో మొదలుపెడతారు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య బడి పిల్లల కోసం నడుపుతున్న షటిల్ టైమ్ కార్యక్రమం కూడా సరదా ఆటల మీదే నడుస్తుంది. మీరు చేర్పించిన చోట అలా లేనట్టుంది.

ఇక సింధు సంగతి. మీ వారికి చెప్పండి, పి.వి. సింధు బ్యాడ్మింటన్ మొదలుపెట్టింది ఎనిమిదేళ్ళప్పుడు. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే, తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నారు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా ఐదేళ్ళకి ఎవరూ ఆమెని కోర్టులో నిలబెట్టలేదు. మిథాలీ రాజ్ చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది, క్రికెట్‌లోకి వచ్చింది పదేళ్ళకి, అదీ పొద్దున్నే లేవడానికి బద్ధకిస్తోందని వాళ్ళ నాన్న ఆమెని కూడా ఆమె సోదరుడితో పాటు క్యాంప్‌కి తీసుకెళ్ళడం వల్ల. సైనా హైదరాబాద్ వచ్చాక ముందు కరాటే చేసింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్ కంటే ముందు పరుగు పందేలు పరిగెత్తింది, ఆ కాళ్ళ చురుకే తర్వాత రింగ్‌లో పనికొచ్చిందని నేననుకుంటాను. అమెరికా పిల్లల వైద్యుల సంఘం అయితే చాలా ఆటల విషయంలో పదిహేను పదహారేళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకి కట్టిపడెయ్యవద్దనే చెబుతుంది. జిమ్నాస్టిక్స్ లాంటి ఒకటి రెండు వేరు. ఐదేళ్ళకి మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు, లేరని అనను. ఏడ్చుకుంటూ వెళ్ళి, పదేళ్ళు వచ్చేసరికి బ్యాట్ అటక మీద పారేసినవాళ్ళ గురించి పేపర్లో రాయరు కాబట్టి మనకి తెలియదు, నాకు మాత్రం తెలుసు, అలాంటి పిల్లలు ఆరో తరగతిలో మా స్కూల్‌కి వచ్చేవాళ్ళు.

మా ఇంట్లోనే ఉన్నాడు ఒకడు. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు బాగా పరిగెత్తుతున్నాడని సంబరపడి, నేను రోజూ పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్ళేదాన్ని. నిన్నటికంటే ఒక సెకను తగ్గితే మెచ్చుకునేదాన్ని, పెరిగితే ఏమీ అనకపోయినా మొహం మారేది, పిల్లలకి ఆ మొహం చాలు. ఆర్నెల్లకి వాడికీ మీ వాడిలాగే కడుపునొప్పి మొదలైంది. అబద్ధం కాదు, నిజంగానే నొప్పి వచ్చేది, భయం పిల్లలకి పొట్టలోకే వస్తుంది. డాక్టర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళాక గానీ నాకు వెలగలేదు. నేను మానేశాను, వాడు పరుగే మానేశాడు. మళ్ళీ ఇంటర్‌లో స్నేహితులతో ఫుట్‌బాల్ మొదలుపెట్టేదాకా వాడు ఆట అన్నది ఆడలేదు. ఆ మధ్యలో పోయిన ఏళ్ళకి కారణం నేనే, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ మామగారు అన్నది సగం నిజం. వాళ్ళకి ఎవరూ నేర్పలేదన్నది తప్పు, పెద్ద పిల్లలు నేర్పారు. ఒకసారి అడిగి చూడండి, వాళ్ళ ఊళ్ళో కబడ్డీ, గోలీలు, కర్రాబిళ్ళ ఆడేటప్పుడు ఐదేళ్ళ తమ్ముడు వెంటపడి వస్తే ఏం చేసేవాళ్ళో. ఆటలో అరటిపండు అనేవాళ్ళు. ఆ మాట ఇప్పుడు లెక్కలోకి రానివాణ్ణి తక్కువ చెయ్యడానికి వాడుతున్నారు గానీ, అసలు అందులో ఎంత తెలివి ఉందో చూడండి. వాడు అందరితోపాటు పరిగెత్తుతాడు, అరుస్తాడు, దాక్కుంటాడు, దొరికినా అవుట్ కాడు, దొంగ కానక్కర్లేదు, వాడి వల్ల జట్టు ఓడిపోదు. ఎవరూ తిట్టరు. అలా రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య తిరిగేసరికి ఎప్పుడు వంగాలో ఎటు తప్పుకోవాలో వాడికి ఒంటబడుతుంది, ఒకరోజు వాడే 'నేను అరటిపండు కాదు, నన్నూ పంటలెయ్యనివ్వండి' అంటాడు. అప్పుడు వాడు ఆటకి సిద్ధం. మనం ఈ మధ్యమెట్టు తీసేసి, నేరుగా అకాడమీలో పూర్తి ఆటగాణ్ణి చేసేస్తున్నాం.

కాబట్టి మీ మొదటి పని కింద పార్కింగ్‌లో ఉంది. అక్కడ ఆడే పిల్లల్లో పది పన్నెండేళ్ళ వాళ్ళు, కాస్త నెమ్మదైనవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, చూడండి. వాళ్ళ అమ్మకి చెప్పొద్దు, ఆ పిల్లకే చెప్పండి, 'మా వాణ్ణి అరటిపండుగా పెట్టుకుంటారా, వాడికి నువ్వే కెప్టెన్‌వి' అని. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళని చేర్చుకోనిది చెడ్డతనంతో కాదు, వాళ్ళ వల్ల ఆట పాడవుతుందని. అరటిపండు అంటే ఆ భయం ఉండదు. మొదట్లో పదిహేను నిమిషాలు చాలు, మీరు కొంచెం దూరంలో కూర్చోండి. ఒక్క మాట, పార్కింగ్‌లో కార్లు వెనక్కి తీసేటప్పుడు ఐదేళ్ళ పిల్లాడు డ్రైవర్‌కి కనబడడు. సాయంత్రం గంటసేపు ఒక వైపు తాడు కట్టి కార్లు రాకుండా చెయ్యమని మీ అసోసియేషన్ వాళ్ళని గట్టిగా అడగండి, నలుగురు తల్లులు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. సంప్ మూతలు, మెట్ల రెయిలింగ్ కూడా చూసుకోండి, టెర్రస్ మీదికి మాత్రం పెద్దవాళ్ళు లేకుండా పంపొద్దు.

ఇక ఇంట్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదలాలి, అందులో 60 నిమిషాలు ఊపిరి ఎగిసేంత ఉండాలి. ఐదేళ్ళు దాటాక రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు గట్టి ఆట. ఇది వినగానే అమ్మో గంటా అనుకోకండి, ఒకే దెబ్బకి గంట అక్కర్లేదు, పది నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ అన్నీ కలిసి గంటవ్వాలి. సోఫా మీంచి దూకడం కూడా లెక్కలోకే వస్తుంది. దాన్ని ఆపొద్దు, దూకడానికి వేరే చోటు చూపించండి. పాత బొంత నాలుగు మడతలు వేసి నేల మీద పరిచి, చిన్న పీట మీంచి దాని మీదికి దూకించండి. 'మోకాళ్ళు వంచి పిల్లిలా దిగు, చప్పుడు రాకూడదు' అనండి. చప్పుడు రాకుండా దిగడం అనేది పెద్ద ఆటగాళ్ళకి కూడా నేర్పే విద్య, మీ వాడికి అది పిల్లి ఆట.

బంతి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే బ్యాట్ భయం పోవాలంటే ఇక్కడే పని ఉంది. మా దగ్గర రెండో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు, బంతి వస్తుంటే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పి రెండు చేతులూ కర్రల్లా ముందుకి చాపేవాడు. ఎప్పుడో గట్టి బంతి మూతికి తగిలిందట. వాడికి 'కళ్ళు తెరువు, కళ్ళు తెరువు' అని అందరూ చెప్పేవాళ్ళు, భయంతో మూసుకున్న కన్ను చెబితే తెరుచుకుంటుందా. నేను ఒక బెలూన్ ఊది వాడి నెత్తిమీద వదిలాను. బెలూన్ మెల్లగా దిగుతుంది, తగిలినా నొప్పి ఉండదు, కన్ను దాని వెంట దానంతటదే వెళ్తుంది. నేల మీద పడకుండా చేత్తో, మోచేత్తో, తలతో, మోకాలితో కొట్టించాను. నాలుగో రోజుకి వాడు నవ్వుతూ కొడుతున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. తర్వాత పాత చీర ముక్కలు ఉండ చుట్టి గుడ్డబంతి చేశాం. అది ఎగరదు, దొర్లదు, పట్టుకుంటే వేళ్ళకి దొరుకుతుంది. ముందు రెండు చేతులతో గుండెకి హత్తుకుని పట్టుకునేవాడు, అది తప్పు కాదు, అందరూ అలాగే మొదలుపెడతారు. నెల పోయాక చేతులతోనే పట్టాడు. ఆ తర్వాతే రబ్బరు బంతి, అదీ నేలకి ఒకసారి కొట్టి ఇచ్చింది. మీరూ అదే వరసలో వెళ్ళండి. బెలూన్ కుదిరాక వాడి చేతికి బ్యాట్ బదులు గట్టి అట్టముక్క గానీ పాత పుస్తకం అట్ట గానీ ఇచ్చి దాంతో కొట్టమనండి. అట్ట చేతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తగులుతుంది, తగిలితే మళ్ళీ కొట్టాలనిపిస్తుంది. రెండు కుర్చీల మధ్య మీ చున్నీ కడితే అదే నెట్. అకాడమీలో వాడికి రానిది మీ హాల్లో వస్తుంది, చూడండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పకుండా పాటించండి. మీ పాపకి రెండేళ్ళే కదా, బెలూన్ పగిలితే ముక్కలన్నీ అప్పటికప్పుడు ఏరేయండి, ఊదని బెలూన్లు కూడా అందనివ్వొద్దు, ఆ వయసు పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి, ప్రాణం మీదికి వస్తుంది.

తొక్కుడుబిళ్ళని చాలామంది ఆడపిల్లల ఆట అని పక్కన పెడతారు. నన్నడిగితే ఐదారేళ్ళ పిల్లలకి దానికంటే మంచి వ్యాయామం లేదు. ఒంటికాలి మీద గెంతాలి, గీత తొక్కకుండా ఆగాలి, ఆగిన చోటే వంగి బిళ్ళ తీయాలి. ఒళ్ళు ఉరకడం ఎవరైనా చేస్తారు, ఉరుకుతున్న ఒళ్ళుని ఆపడమే కష్టం. బాల్కనీలో చాక్‌పీస్‌తో నాలుగు గడులు గీసి మొదలుపెట్టండి, ఒంటికాలి మీద నిలవలేకపోతే ముందు రెండు కాళ్ళతో గెంతనివ్వండి, వీలైతే చెప్పులు లేకుండా, నేల అరికాలికి తెలిస్తే కాలు త్వరగా కుదురుకుంటుంది. ఏడుపెంకులాట కూడా ఇంట్లో ఆడొచ్చు, పెంకులు లేకపోతే కాగితం కప్పులు ఐదు పేర్చి గుడ్డబంతితో కొట్టించండి, పడ్డవాటిని మళ్ళీ పేర్చడం వాడి పనే. నడిచే చోట నడవకుండా జంతువుల్లా వెళ్ళమనండి, హాల్ నుంచి వంటింటికి కప్ప గంతులు, వంటింటి నుంచి బాత్రూమ్‌కి పీత నడక, అంటే వెల్లకిలా చేతులూ కాళ్ళ మీద. స్నానానికి రానని మొరాయించే పిల్లలు పీత నడక అనగానే వచ్చేస్తారు, నేను ఇద్దరు మనవల మీద చూశాను. భుజాలకి, పొట్ట కండకి అంత మంచి పని ఇంకోటి లేదు.

అవుట్ అయ్యే ఆటలు ఇప్పుడే వద్దు. కుర్చీలాటలో చూడండి, అందరికంటే నెమ్మదైన పిల్లాడు మొదటే అవుటై గోడకి ఆనుకుని కూర్చుంటాడు, బాగా వచ్చినవాడు చివరిదాకా ఆడతాడు. ఎవరికి ఎక్కువ ఆట కావాలో వాడికే తక్కువ దొరుకుతుంది. అదే ఆటని కొంచెం మార్చండి. పట్టుకునే ఆట ఆడితే దొరికినవాడు బయటికి పోకుండా దొంగ చెయ్యి పట్టుకుని గొలుసులో చేరాలి, చివరికి గొలుసు అంతా కలిసి ఒక్కణ్ణి తరుముతుంది. పుట్టినరోజు పార్టీలో ఆడించి చూడండి, పిల్లలు ఇంటికి వెళ్ళమంటే వెళ్ళరు.

మీ వారు ఎనిమిదింటికి వస్తారనుకుందాం, అలసిపోయే ఉంటారు. అయినా ఆయనకి పదిహేను నిమిషాల పని ఉంది. నేల మీద పడుకుంటే చాలు. పిల్లాడు ఆయన మీదుగా ఎక్కి దిగాలి, ఆయన చేతులూ కాళ్ళూ ఆనించి వంతెనలా లేస్తే కింది నుంచి పాకాలి, తువ్వాలు చెరో కొస పట్టుకుని లాగాలి. వాడు 'చాలు' అంటే వెంటనే ఆపాలి, కితకితలు పెట్టినా సరే, ఆ నియమం ఒక్కటి ఖచ్చితంగా ఉండాలి. మరీ నిద్రవేళకి అయితే ముందే ముగించండి, లేకపోతే పదకొండైనా పడుకోరు. నాన్నతో కుస్తీ పట్టిన పిల్లాడికి పడటం, లేవడం, బలం ఎంత వాడాలో తెలుస్తుంది. పాపని కూడా పక్కన పెట్టొద్దు, ఆమెతో బంతి దొర్లించడం, చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించి దించడం, తారంగం ఆడించడం, చెమ్మచెక్కకి చప్పట్లు కొట్టించడం, రెండేళ్ళకి అదే ఆట.

ఇంట్లో రెండు మూడు మాటలు మార్చుకోండి. 'పడతావ్, పడతావ్' అని అరిస్తే పిల్లాడు మన వైపు చూస్తాడు, నిజంగానే పడతాడు. దాని బదులు 'కుడికాలు ఆ మెట్టు మీద పెట్టు' అనండి. 'ఆడొస్తే ఫోన్ ఇస్తా' అనొద్దు, అలా అంటే ఆట కష్టం, ఫోన్ బహుమతి అని మనమే చెప్పినట్టు అవుతుంది. ఫోన్‌కి వేరే టైమ్ పెట్టండి, దానికీ ఆటకీ ముడి వద్దు. ఎదురింటి పిల్లాడి మెడల్ గురించి మీ వాడి ముందు మాట్లాడొద్దు. అలాగని ప్రతిదానికీ సూపర్, చాంపియన్ అని మునగచెట్టు ఎక్కించినా ప్రయోజనం లేదు, ఏం బాగా చేశాడో అదే చెప్పండి, 'ఇవాళ చప్పుడు లేకుండా దిగావు' అంటే వాడికి అర్థమవుతుంది.

సెలవుల్లో మీ మామగారి దగ్గరికి పంపండి, నిజంగా చెబుతున్నాను. ఇసుకలో పరుగు, అరుగు మీంచి దూకడం, కొమ్మ కిందికి ఉన్న మామిడిచెట్టు ఎక్కడం, ఇవి నిజాంపేటలో డబ్బు పెట్టినా దొరకవు. చెట్టెక్కేటప్పుడు తాతగారు కిందే ఉండాలి. ఎండాకాలం పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత, మధ్యలో నీడలోనే, దాహం అనకపోయినా మంచినీళ్ళు తాగించాలి. ఒక్క విషయంలో మాత్రం నేర్పించేవాళ్ళు కావాలంటాను, అది ఈత. తణుకు వైపు ఊళ్ళ మధ్యే కాలువలు, చెరువులు, కాబట్టి అది ఆట కంటే ముందు ప్రాణానికి సంబంధించిన విద్య. నాలుగేళ్ళు దాటిన పిల్లలు చాలామంది దానికి సిద్ధంగా ఉంటారు. పూల్‌లో, తెలిసిన శిక్షకుడి దగ్గర, పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి నేర్పించండి. అక్కడా భయపడితే మొదటి వారం మెట్ల మీద కూర్చుని నీళ్ళు చిమ్ముకుంటే చాలు. ఈత వచ్చినా సరే కాలువ గట్టున ఒంటరిగా వదలొద్దు.

మీ వాడి గురించి మీరు రాసిందాన్ని బట్టి ఆరోగ్యానికి లోటేం కనబడలేదు. అయినా తోటి పిల్లలకంటే మరీ తరచుగా పడిపోతున్నా, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తున్నా, నేల మీంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించుకుని ఎక్కుతున్నా, కొంచెం ఉరికితే ఆయాసం, దగ్గు వచ్చినా, రాత్రి కాలినొప్పితో లేచి మర్నాడు కుంటుతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. కడుపునొప్పి అకాడమీ మానేశాక కూడా ఉంటే అదీ చూపించాలి.

మధ్యలో వదిలేసే అలవాటు అవుతుందేమో అన్నారు. ఏడ్చే పిల్లాణ్ణి మూడో నెల కూడా ఈడ్చుకెళ్తే వాడు పట్టుదల నేర్చుకోడమ్మా, అమ్మకి చెప్పినా లాభం లేదని నేర్చుకుంటాడు. మాన్పించేటప్పుడు ఓడిపోయినట్టు మాన్పించకండి. వాణ్ణి కోచ్ గారి దగ్గరికి తీసుకెళ్ళి, థాంక్స్ సార్, పెద్దయ్యాక మళ్ళీ వస్తాను అని చెప్పించండి. ఫీజు గురించి అప్పుడే అడగండి, మిగిలిన నెలని ఏడాది తర్వాతకి జరుపుతారేమో, లేదా ఆదివారాలు ఖాళీ కోర్టులో అరగంట నాన్నతో బెలూన్ ఆడుకోనిస్తారేమో. ఒప్పుకోకపోతే ఆ డబ్బు పోయినట్టే, దాని కోసం పిల్లాణ్ణి పంపొద్దు.

ఏడెనిమిదేళ్ళకి వాడే ఏదో ఒక ఆట అడుగుతాడు, అప్పుడు కోచ్‌ని వెతకండి. ట్రోఫీల అద్దాల బీరువా చూడొద్దు. పిల్లలు లైన్‌లో తక్కువగా, కదులుతూ ఎక్కువగా ఉన్నారా, చిన్నవాళ్ళకి చిన్న బ్యాట్‌లు ఉన్నాయా, తప్పు చెప్పేటప్పుడు కోచ్ మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల కళ్ళలోకి చూసి చెబుతున్నాడా, వెళ్ళేటప్పుడు పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారా, ఇవి చూడండి.

ఈ శనివారం పది బెలూన్లు, ఒక డబ్బా చాక్‌పీసులు కొనండి, మొత్తం వంద రూపాయలు కూడా కాదు. నెల తర్వాత నాకు మళ్ళీ రాయండి. వాడికి ఏం వచ్చిందో రాయక్కర్లేదు, ఏ ఆటని 'ఇంకోసారి' అని ఎక్కువగా అడుగుతున్నాడో అది రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం ఆడించాలో చెబుతాను.